ఏం తోచనప్పుడు చెయ్యి ఎటు పోతుంది?

భోజనం చేసి గంటన్నర కాలేదు. కడుపులో చోటు లేదు. అయినా ఫోన్ పక్కన పడేసి వంటింట్లోకి వెళ్లడం, జంతికల డబ్బా మూత తీసి నిలబడే రెండు నమలడం, వచ్చి మళ్లీ ఫోన్ అందుకోవడం. ఉక్కపోతకు తలుపులు వేసుకున్న విశాఖ ఇళ్లలో ఎండాకాలం మధ్యాహ్నాలు చాలావరకు ఇలాగే గడుస్తాయి. మధురవాడ అపార్ట్‌మెంట్లలో జంతికలైతే కూర్మన్నపాలెం టీ కొట్ల దగ్గర సిగరెట్టు, ఫిషింగ్ హార్బర్లో పేకముక్కలు, ఏ బస్‌స్టాప్‌లో చూసినా రీల్స్. వీటిలో చాలా వాటికి మొదలు ఒక్కటే, ఊసుపోకపోవడం.

దీనికి మందు కూడా అందరికీ తెలుసు. పుస్తకం చదువు, చెస్ ఆడు, కొత్త భాష నేర్చుకో, మెదడుకు పని పెట్టు. సలహాలో తప్పేమీ లేదు. కానీ అది వారం దాటి నిలిచిన ఇళ్లు తక్కువ. మనుషుల బద్ధకం మీదికి నెట్టేస్తే సులువుగా పోతుంది గానీ, అసలు లోపం ఎంపికలో ఉంది. పాత అలవాటు ఆ మనిషికి ఏ పని చేసిపెడుతోందో చూడకుండా, దాని జాగాలో ఏ సంబంధమూ లేని మంచి పనిని తెచ్చి కూర్చోబెడుతున్నాం. మంచిదైనంత మాత్రాన అది అక్కడ ఇమడదు.

ముందు విసుగు సంగతి. 2014లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు మనుషుల్ని ఒక్కొక్కరిగా ఖాళీ గదిలో 15 నిమిషాలు కూర్చోబెట్టారు. ఫోన్ లేదు, పుస్తకం లేదు, రాసుకోవడానికి కాగితం లేదు. ఉన్నదల్లా ఒక మీట. నొక్కితే కరెంటు షాక్ కొడుతుంది. ఆ షాక్‌ని ముందే ఒకసారి తిని, మళ్లీ తగలకుండా ఉంటే డబ్బులైనా ఇస్తామన్నవాళ్లనే లెక్కలోకి తీసుకున్నారు. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు ఆ పావుగంటలో ఒక్కసారైనా మీట నొక్కారు. ఒకాయన ఏకంగా 190 సార్లు నొక్కాడు. సగటు కట్టేటప్పుడు ఆయన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ నుంచి వచ్చిన అధ్యయనంలో ఒకే చిన్న వీడియో ముక్కను గంటసేపు తిప్పి తిప్పి చూపించారు. దాన్ని చూసినవాళ్లు, డాక్యుమెంటరీ చూసినవాళ్లకంటే చాక్లెట్లు ఎక్కువ తిన్నారు. చాక్లెట్ల బదులు షాక్ మీట పెడితే దాన్నీ ఎక్కువసార్లే నొక్కారు.

ఈ రెండో ప్రయోగం దగ్గర కాసేపు ఆగాలి. విసుగులో తినడం రుచి కోసమే అయితే షాక్ జోలికి ఎవరూ పోకూడదు. పోయారంటే, అక్కడ కావలసింది రుచి కాదు, మార్పు. నోట్లో కరకరలాడినా, వేలికి చురుక్కుమన్నా, ఆ మార్పులేని గంట కాస్త చెదిరితే చాలు. ఈ లెక్కన జంతికల బదులు మొలకలు పెట్టుకోమనే డైట్ సలహా కడుపుకు మంచిదే కానీ విసుగును ముట్టుకోదు.

కెనడాలోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఈస్ట్‌వుడ్ బృందం 2012లో విసుగుకు ఇచ్చిన నిర్వచనం దీనికి సరిపోతుంది. తృప్తినిచ్చే ఏదో ఒక పనిలో పడాలని ఉండీ పడలేకపోవడమే విసుగు అన్నారు వాళ్లు. అందుకే ఇంటినిండా పని ఉన్నవాళ్లకీ విసుగు పుడుతుంది. ఆర్.కె. బీచ్ గట్టు మీద సాయంత్రమంతా ఊరికే కూర్చునే పెద్దాయనకు పుట్టకపోవచ్చు. ఖాళీ సమయానికీ విసుగుకూ చుట్టరికం ఉంది గానీ రెండూ ఒకటి కావు.

ఫోన్ విషయంలో మోసం ఇక్కడే జరుగుతుంది. టొరంటో విశ్వవిద్యాలయంలో కేటీ టామ్, మైకేల్ ఇన్‌జ్లిక్ట్ ఏడు ప్రయోగాలు చేసి 2024లో ఫలితాలు అచ్చు వేశారు. వీడియోలు ఒకదాని నుంచి ఇంకోదానికి మారుస్తూ పోతే విసుగు తగ్గుతుందని జనం అనుకున్నారు. జరిగింది తలకిందులు. ఒక్క వీడియోనే నిదానంగా చూసినవాళ్లకంటే మార్చి మార్చి చూసినవాళ్లకే ఎక్కువ విసుగొచ్చింది. దీనికి తోడు, ఆజా రాస్కిన్ అనే డిజైనర్ 2006లో తయారుచేసిన అంతులేని స్క్రోలింగ్ ఉంది. పేజీకి అడుగు అంటూ ఉంటే అక్కడైనా బొటనవేలు ఆగేది. ఆ అడుగునే తీసేశారు. పది రీల్స్‌లో ఏది బాగుంటుందో ముందు తెలియకపోవడం మరో ఎర. ఎప్పుడు గింజ పడుతుందో తెలియనప్పుడు పావురాలు మీటను మరింత మొండిగా పొడుస్తాయని బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త ఎప్పుడో చూపించాడు. విసుగుకు ఫోన్ మందు కాకపోగా మోతాదు పెంచే సరుకు అన్నమాట.

మరి ఏది పనిచేస్తుంది? ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 31 మంది విద్యార్థుల్ని వారంపాటు వెంటాడి, రోజుకు ఏడుసార్లు ఫోన్‌లో పలకరించి, ఇప్పుడు దేనిమీదైనా మనసు పోతోందా అని అడిగారు. తిండి, కాఫీ, సిగరెట్టు, మద్యం, ఏదైనా సరే. కొందరి చేత మూడే మూడు నిమిషాలు టెట్రిస్ ఆడించారు. పైనుంచి పడే ముక్కల్ని తిప్పి సందుల్లో ఇరికించే పాత ఆట అది. ఆడినప్పుడు కోరిక తీవ్రత నూటికి 70 నుంచి 56కి దిగింది. పూర్తిగా పోలేదు, కానీ ఆ దిగుడు చాలాసార్లు చెయ్యి ఆగడానికి సరిపోతుంది. వారమంతా ఆడినా ప్రభావం తగ్గలేదు.

ఎందుకు తగ్గుతుందో చెప్పే వివరణే ఇందులో విలువైన భాగం. కోరిక మాటల రూపంలో రాదు, బొమ్మగా వస్తుంది. బజ్జీ గుర్తొచ్చిందంటే మూకుడు, నూనె పొంగు, పొగ, కొరికితే బయటికొచ్చే మిరపకాయ, అన్నీ కళ్లముందు కడతాయి. ఈ బొమ్మ కట్టడానికి మెదడు వాడే జాగా చాలా చిన్నది. అదే జాగాలో ఆకారాల్ని తిప్పి చూసుకునే పని పెడితే బొమ్మకు చోటు చాలదు. మనసులో ‘వద్దు, వద్దు’ అనుకుంటూ కూర్చుంటే ఎందుకు లాభం లేదో కూడా దీంతో తేలిపోతుంది. మాటలు ఒక పక్క నడుస్తుంటాయి, బజ్జీ బొమ్మ తన చోట తాను భద్రంగా ఉంటుంది. టీవీ వార్తలు వింటూ జంతికలు ఖాళీ చేయగలిగేదీ ఇందుకే.

చేతికీ ఇదే సూత్రం. 1973లో నేథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ అనే మనస్తత్వవేత్తలు గోళ్లు కొరకడం లాంటి అలవాట్లకు ఒక పద్ధతి చెప్పారు. అలవాటు మొదలవబోతున్నప్పుడు దాంతో పాటు చేయడం వీలుకాని ఇంకో పని అదే అవయవంతో చేయాలి. పిడికిలి బిగించి ఉంటే గోరు నోటిదాకా రాదు.

కన్ను, చెయ్యి, ఆకారాలు తిప్పే ఊహ. మూడింటినీ ఒకేసారి పట్టేసుకునే పని మన గుమ్మాల్లోనే ఉంది. మెలికల ముగ్గు. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వచ్చేవరకు అంటే మొత్తం 37 చుక్కలు. గీత ఎక్కడా చుక్కను తాకకుండా, ప్రతి చుక్కనూ చుట్టి, బయలుదేరిన చోటికే చేరాలి. సగంలో ఒక మలుపు తప్పుగా తిరిగితే రెండు చుక్కలు బయటే మిగిలిపోతాయి, లేదా ఒకటే గీత కావలసింది మూడు ముక్కలవుతుంది. కరెంటు బిల్లు వెనకవైపు పెన్నుతో వేసుకోవచ్చు. చూసి వేయడం వచ్చేశాక చూడకుండా, అది వచ్చాక సొంతంగా కొత్త మెలిక కట్టాలి. ముగ్గు ఆడవాళ్ల పని అని ఎవరు తీర్మానించారో గానీ, రాత్రంతా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఖైనీ నలుపుతూ కూర్చునే వాచ్‌మన్‌కు ఇంతకంటే చవకైన మెదడు పని దొరకదు. ఖైనీ నలిపే అరచెయ్యే ఇక్కడ కాగితం పట్టుకుంటుంది.

అయితే ప్రతి అలవాటూ ఒంటరిది కాదు. షిఫ్టు మారే వేళ ఉక్కు కర్మాగారం గేటు దగ్గర, లేదా రుషికొండ ఐటీ ఆఫీసు కిందనున్న టీ కొట్టు దగ్గర వెలిగే సిగరెట్టుని చూడండి. అందులో నికోటిన్ ఒక వంతు. సీట్లోంచి లేవడానికి సాకు ఒక వంతు. మిగతాది మనుషులు. సూపర్‌వైజర్ని తిట్టుకోవడానికి, కూతురి ఈఏపీసెట్ ర్యాంకు చెప్పుకోవడానికి, ఏమీ మాట్లాడకుండా పక్కపక్కన నిలబడటానికి దొరికే ఏడెనిమిది నిమిషాలు. ఈ మనిషి చేతిలో సుడోకు పుస్తకం పెడితే రెండు రోజులు మొహమాటానికి తీస్తాడు, మూడో రోజు కిందికి దిగుతాడు. తప్పు అతనిది కాదు. సుడోకు మనుషుల్ని ఇవ్వలేదు.

అక్కడ పనికొచ్చేది నలుగురూ కలిసి ఆడేది అయ్యుండాలి. అవధానంలో నిషిద్ధాక్షరి అని ఒక అంశం ఉంది. అవధాని పద్యం ఒక్కో అక్షరంగా కడుతుంటే, తర్వాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు చెబుతూ పోతాడు. పద్యం అందరి వల్లా కాదు కానీ దీన్ని టీ కొట్టు స్థాయికి దించుకోవచ్చు. టీ అయ్యేలోపు ‘క’ అక్షరం పలకకుండా ఈ రోజు డ్యూటీలో ఏం జరిగిందో చెప్పాలి. ఉక్కు అనడానికి వీల్లేదు, ఫ్యాక్టరీ అనడానికీ వీల్లేదు, క్రేన్ అసలే కుదరదు. పలికినవాడు టీ డబ్బులు ఇవ్వాలి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. రెండు వాక్యాలు ప్రయత్నిస్తే ఎంత కష్టమో తెలుస్తుంది. సిగరెట్టు బయటే ఉంది, స్నేహితులు పక్కనే ఉన్నారు, నోరు మాత్రం వేరే పనిలో ఉంది.

విశాఖలో ఖాళీని పెద్ద ఎత్తున చూడాలంటే చేపల వేట నిషేధం రోజుల్లో ఫిషింగ్ హార్బర్‌కు పోవాలి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్లు కట్టేస్తారు. ఆ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో రూ.20,000 చేశారు. భృతి ఇల్లు గడవడానికి కొంత ఆసరా. రోజు గడవడానికి మాత్రం ఏ పథకంలోనూ లెక్క లేదు. రాత్రీ పగలూ సముద్రం మీద పనిచేసే శరీరాలు రెండు నెలలు గట్టు మీద ఉంటాయి. పేక, మందు అందుబాటులో ఉంటాయి.

అక్కడే వలలు బాగుచేసేవాళ్లూ కనిపిస్తారు. బయటినుంచి చూస్తే విసుగు పుట్టించే పనిలా ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే లెక్క వేరు. చిరుగు దొరికిన చోట వెంటనే కుట్టడం మొదలుపెట్టరు. ముందు ఇంకా కొన్ని దారాలు కత్తిరిస్తారు, అంటే చిరుగు పెద్దదవుతుంది. మూడు కాళ్లు, అంటే మూడు దారాలు, మిగిలిన ముడి ఒకటి చూసుకుని అక్కడ మొదలుపెట్టి, వల ఒక్కో కన్నూ అల్లుకుంటూ పోయి, మళ్లీ మూడు కాళ్ల ముడి దగ్గరే ముగించాలి. ఎక్కడ కత్తిరించాలో తప్పు లెక్క వేస్తే చివర ముడి కలవదు. కన్ను సైజు తేడా వస్తే వల అక్కడ ముడుచుకుంటుంది. ఊహలో ఆకారం పట్టుకుని చేత్తో నడిపించే పని ఇది. ప్లిమత్‌లో టెట్రిస్ చేత చేయించినది ఇలాంటిదే.

పేకాటలో మాత్రం మెదడు పని లేదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. రమ్మీలో పడేసిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఎదుటివాడు ఏం కడుతున్నాడో ఊహించాలి. సుడోకు కంటే ఏమాత్రం తక్కువ కాదు. మెదడుకు పదును పెట్టే ప్రతిదీ మంచి అలవాటేనన్న సూత్రం ఇక్కడ తేలిపోతుంది. పందెం పెట్టగానే ఆట ఉద్దేశం మారిపోతుంది, పోయిన డబ్బు రాబట్టుకోవడమే పని అవుతుంది. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటి డబ్బు ఆటల్ని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. ఆ ముక్కలతోనే చింతపిక్కలు పందెం పెట్టి ఆడుకునే ఇళ్లకు ఏ చట్టంతోనూ పనిలేదు.

ఇక కష్టం పాళ్లు. ఎంతసేపు చేసినా తెలియకుండా మనిషి పనిలో మునిగిపోయే స్థితి మీద జీవితమంతా పనిచేసిన మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ చెప్పిందేమిటంటే, పని మన చేతనైనదానికంటే మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే బెంగ. మధ్యనున్న సన్నని దారిలోనే మనసు నిలుస్తుంది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకుని మొదటి రోజే 600 పేజీల చరిత్ర పుస్తకం ఇంటికి తెచ్చుకునేవాళ్లు ఈ దారి తప్పుతారు. ఏళ్లుగా 30 సెకన్ల వీడియోలకు అలవాటుపడిన దృష్టి అంత బరువు ఎత్తలేదు. పేపర్లో వచ్చే గళ్లనుడికట్టుతో మొదలుపెట్టినవాళ్లకు నిలబడే అవకాశం ఎక్కువ. అది సగం నింపి వదిలేసినా ఎవరూ ఏమీ అనరు, రేపు కొత్తది వస్తుంది.

తనంతట తానే కష్టం పెంచుకుంటూ పోయే పని దొరికితే అదృష్టం. విశాఖకు అలాంటిది సముద్రమే ఇస్తుంది, సాయంత్రం మురీ మిక్చర్ పొట్లంతో తీరం మీద కూర్చునేవాళ్లు దాన్ని పట్టించుకోరు. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఏ రోజు వేళ ఆ రోజుది. ముందురోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీళ్లు బాగా వెనక్కి పోతాయి. తెన్నేటి పార్కు కింద, రుషికొండ, మంగమారిపేట దగ్గర రాళ్లు బయటపడి, వాటి గుంటల్లో నిలిచిన నీళ్లలో ఒక చిన్న లోకం కనిపిస్తుంది. ముట్టుకుంటే ముడుచుకునే సముద్రపు పూలు ఉంటాయి, నిజానికి అవి జంతువులు. ఖాళీ గుల్లను వీపున మోసుకు తిరిగే సన్యాసి పీతలు ఉంటాయి. మొదట చూడటమే సరదా. తర్వాత ఏ గుంటలో ఏది ఉందో నోటుబుక్‌లో బొమ్మ గీసుకోవచ్చు. ఆపైన, చంద్రుణ్ణి చూసి రేపటి ఆటు వేళ ఎంతకో మనమే అంచనా కట్టి, పట్టికతో సరిచూసుకోవచ్చు. పీతకు పెద్ద గుల్ల కావాల్సి వచ్చినప్పుడు ఏం చేస్తుందన్న ప్రశ్న దగ్గర చిక్కుకున్నవాడికి ఆ సీజన్ సరిపోతుంది. రాళ్ల మీద నాచు జారుతుంది, ఈ తీరంలో అలలు ఏటా ప్రాణాలు తీస్తున్నాయి. ఆటు దిగుతున్నప్పుడే వెళ్లాలి, ఒంటరిగా వెళ్లకూడదు, పోటు తిరగ్గానే వచ్చేయాలి.

ఎంత మంచి ప్రత్యామ్నాయమైనా చేతికి దూరంగా ఉంటే ఓడిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకాక రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. ఇళ్లు కూలినవాళ్లకు, నీళ్ల కోసం తిరిగినవాళ్లకు అది కష్టకాలమే, దాన్ని ముచ్చటగా చెప్పుకోవడం తగదు. కానీ ఎన్నో ఏళ్లుగా పక్క ఫ్లాట్ మనిషి పేరు తెలియనివాళ్లు మెట్ల మీద కూర్చుని కబుర్లాడుకున్నది ఆ రోజుల్లోనే. ఎవరూ సంకల్పం చెప్పుకోలేదు. ఫోన్ పనిచేయలేదు, అంతే. సిగ్నల్ రాగానే మెట్లు మళ్లీ ఖాళీ అయ్యాయి. మనుషులు రోజూ చేసే పనుల్లో సుమారు 43 శాతం అదే చోట, అదే వేళ, పెద్దగా ఆలోచన లేకుండా జరిగిపోతాయని వెండీ వుడ్ అనే మనస్తత్వవేత్త బృందం 2002లో లెక్కగట్టింది. చోటు మార్చకుండా మనసు ఒక్కదాన్నే మార్చబోతే ఈ 43 శాతంతో కుస్తీ పట్టాలి.

కాబట్టి పని చాలా చిన్నది, కాస్త సిగ్గుపడేంత చిన్నది. జంతికల డబ్బా అటక మీదికి పోవాలి, అది ఉన్న అరలోకి గళ్లనుడికట్టు, పెన్ను రావాలి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1990ల్లో చూపించినట్టు, ‘ఇకనుంచి తక్కువ తింటాను’ అన్న తీర్మానం కంటే ‘మధ్యాహ్నం వంటింటి గడప దాటితే ముందు అడ్డం మూడు నింపుతాను’ అన్న షరతు ఎక్కువ నిలుస్తుంది. అలవాటు 21 రోజుల్లో కుదిరిపోతుందని వాట్సాప్‌లో తిరిగే మాటకు ఆధారం లేదు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనిస్తే కొందరికి 18 రోజులు పట్టింది, కొందరికి 254 రోజులు పట్టవచ్చని తేలింది. మధ్యస్థంగా 66. ఒక రోజు తప్పినంత మాత్రాన కథ మొదటికి రాలేదు.

పెద్దవయసు వాళ్ల విషయంలో ఒక అతిశయోక్తి బాగా ప్రచారంలో ఉంది, సుడోకు చేస్తే మతిమరుపు రాదని. న్యూయార్క్‌లో 75 ఏళ్లు దాటిన 469 మందిని గమనించి 2003లో వెలువరించిన అధ్యయనంలో చదవడం, బల్లమీది ఆటలు, వాద్యం వాయించడం, నాట్యం ఉన్నవాళ్లలో డిమెన్షియా తక్కువగా కనిపించిన మాట నిజం. మెదడు బాగున్నవాళ్లే ఈ పనులు ఎక్కువ చేస్తుండవచ్చు కూడా. ఏది ముందో తేల్చడం కష్టం. ఆడటం వల్ల నష్టం లేదు, హామీ మాత్రం లేదు.

ప్రతి ఖాళీనీ నింపేయాలన్న ఆత్రం కూడా మంచిది కాదు. బ్రిటన్‌లో శాండీ మాన్, రెబెకా క్యాడ్‌మన్ కొందరి చేత టెలిఫోన్ డైరెక్టరీలోని నంబర్లు ఎత్తి రాయించి, తర్వాత రెండు ప్లాస్టిక్ కప్పులతో ఏమేం చేయొచ్చో చెప్పమన్నారు. విసుగుపడి వచ్చినవాళ్లకే ఎక్కువ ఊహలు తట్టాయి. సిటీ బస్సులో కిటికీ పక్క సీటు దొరికినప్పుడు పజిల్ యాప్ తెరవాల్సిన అవసరం లేదు.

ఊసుపోక మొదలైన ప్రతి అలవాటూ ఊసుపోకగానే మిగలదు. రోజూ ఇష్టంగా చేసిన పనులన్నీ రెండు వారాలకు పైగా చప్పబడిపోయి, దేనిమీదా మనసు పోకపోతే అది విసుగు కాకపోవచ్చు, డిప్రెషన్ కావచ్చు. దానికి ముగ్గులు మందు కాదు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ టెలీ మానస్ 14416కు డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పొగాకు మానాలనుకునేవాళ్లకు 1800-11-2356 ఉంది. మద్యం దగ్గర మరీ జాగ్రత్త కావాలి. ఏళ్లుగా రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పడం దాకా రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అలాంటి ఇంట్లో సీసా దాచేసి చెస్ బోర్డు పరచడానికి ముందు డాక్టర్ని కలవాలి.